అక్కని అడగండి: పాజిటివ్‌గా ఉంటే పనులు వాటంతటవే అయిపోతాయా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెయిల్స్‌లో సగానికి పైగా ఒకటే గోల, పాజిటివ్ యాటిట్యూడ్. ఎలా తెచ్చుకోవాలి, ఎక్కడ దొరుకుతుంది, నాకెందుకు లేదు, మా వాడికెందుకు లేదు అని. అన్నిటికీ విడివిడిగా రాయడం నావల్ల కాదు గానీ కొన్ని ఏరి ఇక్కడ పెడుతున్నా. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే వేశాను.

జనగామ నుంచి

అక్కా, మాది జనగామ దగ్గర ఊరు. డిగ్రీ అయినంక హైదరాబాద్ అశోక్‌నగర్‌ల రూమ్ తీసుకొని గ్రూప్స్‌కి చదువుతున్న, ఇప్పుడు నాకు 29. గోడ మీద డిప్యూటీ కలెక్టర్ అని పెద్దగ రాసి పెట్టుకున్న, రోజు లేవంగనే కండ్లు మూసుకొని ఆ కుర్చీల కూసున్నట్టు ఊహించుకుంట. అట్ల చేస్తే సబ్‌కాన్షస్ మైండ్‌కి ఎక్కుతదని ఒక వీడియోల చెప్పిండ్రు. మోటివేషన్ వీడియో చూసినప్పుడు మస్తు ఊపొస్తది గాని పుస్తకం పట్టినంక గంట కూడ కూసోలేకపోతున్న. రాసిన ఎగ్జామ్ రద్దయింది, మళ్ళ రాస్తే అది కూడ రద్దయింది. నాయినేమో ఇంకెన్నేండ్లు బిడ్డా అంటుండు. నా మైండ్‌సెట్‌లనే లోపముందా? ఇంకా పాజిటివ్‌గ ఎట్ల కావాలె?

తమ్ముడూ, ముందు లెక్క తేల్చుకుందాం, ఇందులో నీ వాటా ఎంత, నీది కానిది ఎంత అని. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16న రాశారు, పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దు చేశారు, జూన్ 11న మళ్ళీ పెడితే దాన్ని హైకోర్టు కొట్టేసింది, 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషనే తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు, జూన్ 9న ముచ్చటగా మూడోసారి ప్రిలిమ్స్. గ్రూప్-2 సంగతి చూస్తే 783 పోస్టులకి 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది, వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో పరీక్ష జరిగింది. ఇందులో నీ సబ్‌కాన్షస్ మైండ్ చెయ్యగలిగింది ఏముంది చెప్పు? పేపర్ లీకైనా నా మైండ్‌సెట్టే, కోర్టు కొట్టేసినా నా మైండ్‌సెట్టే అనుకునే దశకి నిన్ను ఆ వీడియోలు తెచ్చాయంటే వాటి మీద నాకు ఒళ్ళు మండుతోంది. అంతా నీ ఆలోచనల్లోనే ఉంది అని చెప్పడం వినడానికి తియ్యగా ఉంటుంది, కానీ దాని అర్థం ఏంటంటే ఏం జరిగినా తప్పు నీదే అని.

ఇక ఆ కుర్చీ ఊహల గురించి. గాబ్రియెల్ ఓటింజెన్ అని జర్మనీ సైకాలజిస్ట్ ఒకావిడ ఉన్నారు, ఈ ఊహల మీదే ఆవిడ ఏళ్ళ తరబడి పని చేశారు. ఆవిడా ఇంకో రీసెర్చరూ కలిసి 2002లో వేసిన స్టడీలో, చదువైపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న స్టూడెంట్స్‌ని రెండేళ్ళ తర్వాత మళ్ళీ పలకరించారు. మంచి ఉద్యోగం వచ్చేసినట్టు హాయిగా ఊహల్లో ఎక్కువ తేలినవాళ్ళు అప్లికేషన్లు తక్కువ పంపారు, ఆఫర్లు తక్కువ వచ్చాయి, జీతాలు కూడా తక్కువే. అదే స్టడీలో ఇంకో ముక్క కూడా ఉంది, అది ఎవరూ చెప్పరు. నాకు ఉద్యోగం వచ్చే ఛాన్స్ బాగానే ఉంది అని నమ్మినవాళ్ళకి మాత్రం మంచే జరిగింది. అంటే నమ్మకం వేరు, ఊహల్లో తేలడం వేరు. నమ్మకం నువ్వు ఇంతకుముందు చేసిన పని మీద నిలబడుతుంది, ఊహకి అలాంటి ఆధారం ఏమీ అక్కర్లేదు. తర్వాత 2011లో ఇంకో స్టడీలో ఇలా కమ్మగా ఊహించుకునేవాళ్ళ బీపీ చూస్తే అది కిందికి దిగింది, అంటే ఒంట్లో పనికి కావాల్సిన ఊపు తగ్గిపోయిందన్నమాట. ఆ కుర్చీలో రోజూ పొద్దున్నే కూర్చుని లేస్తున్నావు కదా, ఇంక పుస్తకం ఎందుకు అని ఒళ్ళు అనుకుంటే దాని తప్పేముంది.

అలాగని గోడ మీద రాసింది చెరిపెయ్యమనట్లేదు. దాని కింద ఇంకోటి రాయి, నాకు రోజూ అడ్డం పడేది ఏంటి అని. సిస్టమ్, రిజర్వేషన్, నోటిఫికేషన్ లాంటివి కాదు, నీ రోజులో అడ్డం పడేది. మీ అశోక్‌నగర్ రూముల సంగతి నాకు కొంచెం తెలుసు కాబట్టి ఊహించి చెప్తా. మధ్యాహ్నం ఒంటి గంటకి మెస్‌లో అన్నం, రూమ్‌కొచ్చి కాసేపు నడుం వాల్చుదాం అని మంచం మీద పడతావు, చేతిలో ఫోన్ ఉంటుంది, అందులో ఒక మోటివేషన్ వీడియో, దాని కింద ఇంకోటి, పక్క రూమ్ వాడు వచ్చి ఈ నోటిఫికేషన్ కూడా డౌటే అంట అని ఒక పుకారు వదిలి పోతాడు, టైం చూస్తే నాలుగున్నర. అదీ నీ అడ్డం. దానికి ఒక వాక్యం రాసుకో: మెస్‌లో చెయ్యి కడుక్కోగానే రూమ్‌కి కాదు, నేరుగా చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి నడుస్తా. అంతే, ఇది జరిగితే నేను ఇది చేస్తా అని ముందే టైమూ చోటూ ఫిక్స్ చేసుకోవడం. పీటర్ గాల్విట్జర్ అనే ఆయన 1999 నాటికే దీని మీద బోలెడు ప్రయోగాలు చూపించారు, మంచి ఉద్దేశం ఒక్కటే పెట్టుకున్నవాళ్ళ కంటే ఇలా చోటూ టైమూ కట్టుకున్నవాళ్ళే పని ఎక్కువ పూర్తి చేస్తారని. వినడానికి చాలా చప్పగా ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఉండదు, అయినా పనిచేస్తుంది.

ఇంక నాయిన మాట. ఆయన అడిగింది తిట్టు కాదు, తేదీ. వచ్చే పండక్కి ఊరెళ్ళినప్పుడు పక్కన కూర్చుని చెప్పు, నాయినా ఫలానా నోటిఫికేషన్ వరకు చదువుతా, అది కూడా కాకపోతే ఫలానా పని చూసుకుంటా అని, ఆ రెండోది ఉత్తి మాటగా కాకుండా నిజంగా కనుక్కుని చెప్పు. సిలబస్ దగ్గరగా ఉండే వేరే ఎగ్జామ్స్ ఏమున్నాయో చూడు, నీ డిగ్రీకి వచ్చే ప్రైవేట్ ఉద్యోగం ఏదో చూడు. ప్లాన్ బీ పెట్టుకుంటే నెగటివ్ వైబ్రేషన్ అని చెప్పేవాళ్ళు నీ రూమ్ రెంట్ కట్టరు. ఆ తేదీ ఒకటి ఉంటే చదివే గంటల్లో తల మీద బరువు తగ్గుతుంది, అది నువ్వే చూస్తావు.

అనంతపురం నుంచి

పొద్దున 4 గంటలకి లేచేవాళ్ళే సక్సెస్ అవుతారంట నిజమా? 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని చెప్పారు, నేను 9వ రోజు పడుకుండిపోయాను, మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలా?

అక్కర్లేదు నాయనా. పాలు పోసే అబ్బాయి, పేపర్ వేసే అబ్బాయి, ఆర్టీసీ ఫస్ట్ బస్సు డ్రైవరు అందరూ 4కి ముందే లేస్తారు, లేవడంలోనే సక్సెస్ ఉంటే వాళ్ళందరికీ ఈపాటికి బంగళాలు ఉండాలి. రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, ఏడు గంటల నిద్ర పడిందా లేదా అన్నది చూసుకో, నువ్వు రాత్రి 12 దాకా రీల్స్ చూసి 4కి లేస్తే అది క్రమశిక్షణ కాదు, ఒంటిని హింస పెట్టడం. ఇక 21 రోజుల లెక్క ఎక్కడిదో గానీ లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో 96 మందిని 12 వారాలు గమనిస్తే, ఒక పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు అని తేలింది, కొందరికి 18, కొందరికి 254 దాకా కూడా పట్టొచ్చని లెక్క. అందులోనే ఇంకోటి కూడా చెప్పారు, మధ్యలో ఒక రోజు తప్పితే కొంపేం మునగదని. కాబట్టి నీది ఇప్పుడు పదో రోజు.

తెనాలి నుంచి

మేడం, మా బాబు తొమ్మిదో తరగతి. చిన్నప్పటి నుంచి క్లాస్ ఫస్ట్, చుట్టాలందరూ వీడి బుర్రే బుర్ర అనేవారు, మేమూ అలాగే అంటూ పెంచాం. ఈ ఏడాది ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో వేశాక అక్కడ వీడికంటే బాగా చేసేవాళ్ళు ఇరవై మంది ఉన్నారు. ఇప్పుడు కష్టమైన లెక్క వస్తే ట్రై కూడా చెయ్యడు, బోర్ అంటాడు. మొన్న టెస్ట్ మార్కులు మాకు ఎక్కువ చేసి చెప్పాడు, స్కూల్ యాప్‌లో చూస్తే తెలిసింది. ఇంత తెలివైన పిల్లాడికి పాజిటివ్ యాటిట్యూడ్ ఎందుకు లేదు?

అమ్మా, మీరు అడిగిన దాంట్లోనే సగం జవాబు ఉంది, ఇంత తెలివైన పిల్లాడు అన్న చోట. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగం చెప్తాను వినండి. పిల్లలకి కొన్ని పజిల్స్ ఇచ్చారు, చేశాక కొందరితో నువ్వు తెలివైనవాడివి అన్నారు, కొందరితో నువ్వు బాగా కష్టపడ్డావు అన్నారు. ఒక్క వాక్యమే తేడా. తర్వాత ఈజీది కావాలా, కష్టమైనా నేర్చుకునేది కావాలా అంటే తెలివైనవాడివి అనిపించుకున్నవాళ్ళు ఎక్కువమంది ఈజీదే తీసుకున్నారు, ఎందుకంటే ఆ పేరు పోతుందేమోనని భయం. కావాలని బాగా కష్టమైనవి ఇచ్చి ఫెయిలయ్యేలా చేశాక మళ్ళీ మామూలువి ఇస్తే వాళ్ళ మార్కులు మొదటిసారి కంటే పడిపోయాయి. అసలు విషయం ఇప్పుడు వినండి, వేరే స్కూల్ పిల్లలకి నీ మార్కులు రాసి పంపు అంటే తెలివైనవాడివి అనిపించుకున్న బ్యాచ్‌లో దాదాపు 40 శాతం మంది మార్కులు ఎక్కువ చేసి రాశారు. ముక్కూ మొహం తెలియని పిల్లలకి కూడా! మీవాడు మీకు చెప్పిన అబద్ధం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది కదా. వాడు దొంగ కాదు, వాడి దగ్గరున్న ఒకే ఒక్క ఆస్తిని కాపాడుకుంటున్నాడు.

అలాగని రేపటి నుంచి పొద్దస్తమానం నువ్వు కష్టపడ్డావు నాన్నా అని భజన చేస్తే మార్కులు ఉరికొస్తాయని కూడా అనుకోకండి. దీనికి దగ్గరి ఆలోచన ఒకటుంది, తెలివి కష్టంతో పెరుగుతుందని పిల్లలకి నేర్పడం, దాన్ని తర్వాత పెద్ద ఎత్తున పరీక్షించారు, అమెరికాలో 12 వేల మందికి పైగా తొమ్మిదో తరగతి పిల్లలతో చేసి 2019లో ఫలితాలు వేస్తే, మార్కులు తక్కువున్న పిల్లల్లో కొంచెం మెరుగు కనిపించింది, కొంచెమే. మంత్రం కాదది. ఇంట్లో గాలి మారడానికి ఒక దారి, అంతే.

మరి ఏం చెయ్యాలి అంటే, ముందు ఆ మార్కుల విషయం ఒక్కసారి మాట్లాడి వదిలెయ్యండి, యాప్‌లో చూశాం, మార్కులు తగ్గాయి, ఇంట్లో ఎవరూ ఏమీ అనరు, ఏ చాప్టర్ దగ్గర ఆగిపోయావో చూపించు అని. తర్వాత వాడు లెక్క చేస్తుంటే ఆన్సర్ వచ్చిందా అని అడక్కుండా ఎక్కడ దాకా వెళ్ళావు, అక్కడ ఏం ట్రై చేశావు అని అడగండి. మీకు ఆ లెక్కలు రాకపోయినా ఏం పర్లేదు, రాకపోతేనే మంచిది, వాడు మీకు వివరించాల్సి వస్తుంది. వివరిస్తూ వివరిస్తూ మధ్యలో ఆగి, ఓ ఇక్కడ తప్పు చేశా అంటాడు చూడండి, అప్పుడు వాడి మొహం గమనించండి. చుట్టాల సంగతి మాత్రం మీరే చూసుకోవాలి, పెళ్ళిలో ఎవరో ఒకాయన ఏరా ర్యాంకెంత అని తగులుకుంటాడు. టీవీ పెడితే ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని కార్పొరేట్ కాలేజీ యాడ్స్, ఆ గోలలో పెరిగే పిల్లలు ఇరవయ్యో స్థానాన్ని అవమానం అనుకోకుండా ఎలా ఉంటారు లెండి.

వాడికి బ్యాడ్మింటన్ ఇష్టమైతే ఒక పని చెయ్యండి. సింధు 2017 వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, గ్లాస్గోలో ఒకుహరాతో ఆడింది, 19-21, 22-20, 20-22, 110 నిమిషాలు ఆడి ఓడిపోయింది. 2018లో మళ్ళీ ఫైనల్, మళ్ళీ సిల్వరే, ఈసారి మారిన్ చేతిలో. ఫైనల్లో సింధు ఓడిపోతుంది అని ఒక మాటే స్థిరపడిపోయింది అప్పట్లో, గుర్తుందా. 2019లో బాసెల్‌లో ఫైనల్, ఎదురుగా మళ్ళీ అదే ఒకుహర, 21-7, 21-7. ఆ రెండు మ్యాచ్‌లూ వాడితో కూర్చుని చూడండి, 2019ది మాత్రమే చూపిస్తే ఉపయోగం లేదు, 2017ది మొత్తం చూడాలి. నీతి ఏమీ చెప్పకండి, వాడేమంటాడో వినండి చాలు.

విశాఖపట్నం, గాజువాక నుంచి

మేడం, బీకామ్ చేసి ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని. 2018 చివర్లో బాబు పుట్టేముందు మానేశాను. ఇప్పుడు బాబు స్కూల్‌కి వెళ్తున్నాడు, మళ్ళీ ఉద్యోగం చేద్దామని ఒక ఇంటర్వ్యూకి వెళ్ళి గేటు దాకా పోయి వెనక్కి వచ్చేశాను. మా ఆయన నీకు కాన్ఫిడెన్స్ లేదు అదే ప్రాబ్లం అంటారు. అద్దం ముందు నిలబడి ఐ కెన్ డూ ఇట్ అని రోజూ అనుకుంటున్నా, నవ్వొస్తోంది కానీ ధైర్యం రావట్లేదు.

నవ్వొచ్చిందంటే మీ బుర్ర బాగా పనిచేస్తోందని అర్థం. అద్దంలో ఉన్నావిడకి టాలీ (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్) రాదు కదా, ఆవిడ చెప్తే ఎవరు నమ్ముతారు.

మీ భయం గాల్లోంచి వచ్చింది కాదండీ, మీరు లేనప్పుడు మీ ఫీల్డ్ నిజంగానే మారింది, అది మీకు లోపల తెలుసు. అందుకని ఏం మారిందో కాగితం మీద పెడదాం. మీరు మానేసేటప్పటికి టాలీ ఈఆర్‌పీ నైన్, 2020 చివర్లో దాని ప్లేస్‌లో టాలీప్రైమ్ వచ్చింది, స్క్రీన్ మారింది గానీ వోచర్లు వోచర్లే, డెబిట్ డెబిటే. ఈ-వే బిల్లు, అంటే లారీలో సరుకు పంపేటప్పుడు ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ పత్రం, 2018 ఏప్రిల్ నుంచే ఉంది, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ కాబట్టి మీకు అది బాగా తెలిసే ఉంటుంది, ఆ రోజుల్లో ఆ పోర్టల్ హ్యాంగయి లారీలు ఆగిపోతే డ్రైవర్లు ఫోన్లు చేసి తిట్టడం కూడా గుర్తుండే ఉంటుంది. ఈ-ఇన్‌వాయిస్, అంటే అమ్మిన బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చెయ్యడం, కొత్తది, 2020 అక్టోబర్‌లో 500 కోట్ల టర్నోవర్ పైవాళ్ళకి మొదలుపెట్టి తగ్గించుకుంటూ వచ్చి 2023 ఆగస్టు నుంచి 5 కోట్లు దాటిన వాళ్ళకి కూడా తప్పనిసరి చేశారు. జీఎస్టీఆర్ టూబీ అని 2020లో వచ్చింది, మనకి సరుకు అమ్మినవాళ్ళు చూపించిన బిల్లుల లిస్టు అది, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తగ్గించుకోవడం) దాంతో సరిచూసుకోవడమే ఇప్పుడు అకౌంట్స్ అమ్మాయిల నెలవారీ తలనొప్పి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి, 12, 28 స్లాబులు దాదాపు ఎత్తేసి 5, 18 మిగిల్చారు, కొన్నిటికి 40. అంతే, పెద్ద మార్పులు ఇవే. ఆరేడేళ్ళ గ్యాప్ అని కొండలా కనిపించేది విప్పి చూస్తే రోజుకో గంటన్నర చొప్పున కొన్ని వారాల పని. మీ వీధిలోనో మీ ఆయన స్నేహితుల్లోనో ఎవరో ఒక చిన్న షాపాయన ఉంటాడు, ఒక నెల రిటర్న్ పని నేను ఫ్రీగా చూసిపెడతా అని అడగండి, ఆయన ఆడిటర్‌కి చూపించి తప్పులు దిద్దించుకోండి. ధైర్యం ముందొచ్చి పని తర్వాత అవ్వదు, పని కాస్త చేతికి తగిలాక ధైర్యం వస్తుంది, ఇది ఎవరికైనా అంతే.

ఇంటర్వ్యూలో ఈ ఏడేళ్ళు ఏం చేశారు అని అడుగుతారు, తప్పదు, ఎప్పుడూ అడుగుతారు. సారీ సార్ బాబు చిన్నవాడు అని మొదలుపెట్టకండి. బాబుని పెంచాను, ఇప్పుడు స్కూల్‌కి వెళ్తున్నాడు, ఈ మధ్య టాలీప్రైమ్‌లో ఫలానా షాపుకి టూబీ రీకన్సిలేషన్ చేశాను, అని మూడు ముక్కల్లో చెప్పి ఆగండి. ఆగడం ముఖ్యం. మనవాళ్ళకి మాట అయిపోయాక సైలెన్స్ వస్తే కంగారుపడి ఏదో ఒకటి చెప్పేస్తాం, అక్కడే పోతుంది.

చెస్ ఆడే కోనేరు హంపి గురించి మీకు తెలిసే ఉంటుంది. ఆవిడ 2016 తర్వాత ఆటకి బ్రేక్ ఇచ్చింది, 2017లో పాప పుట్టింది, తిరిగొచ్చి 2019 డిసెంబర్‌లో మాస్కోలో వరల్డ్ ర్యాపిడ్ టైటిల్ కొట్టింది. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో మళ్ళీ అదే టైటిల్, ఆ టోర్నమెంట్ మొదటి రౌండే ఓడిపోయింది, అయినా 11 రౌండ్లు అయ్యేసరికి 8.5 పాయింట్లతో ఒంటరిగా పైన నిలబడింది. గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చేశారు కదా, అది మీ మొదటి రౌండ్ అనుకోండి. ఇంకా పది ఉన్నాయి. ఇంకోటి, మీ ఆయన్ని కాన్ఫిడెన్స్ గురించి లెక్చర్ ఆపి ఆ గంటన్నర బాబుని చూసుకోమనండి, మీకు అన్నిటికంటే పెద్ద హెల్ప్ అదే.

హనుమకొండ నుంచి

రెండు నెలల నుంచి ఏం చెయ్యబుద్ధి కావట్లేదు. నిద్ర రాదు, అన్నం సయించట్లేదు. ఎవరికి చెప్పినా పాజిటివ్‌గా ఆలోచించు అంటున్నారు. అది కూడా చేతకానందుకు నామీద నాకే అసహ్యం వేస్తోంది.

అమ్మా, ఇది యాటిట్యూడ్ ప్రాబ్లం కాదు, మీ చేతకానితనం అసలే కాదు. రెండు వారాలకి పైగా రోజూ ఇలాగే ఉండి నిద్ర, ఆకలి కూడా దెబ్బతింటే డాక్టర్‌ని కలవాల్సిన విషయం, జ్వరం తగ్గకపోతే వెళ్తాం కదా అలాగే. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, ఫ్రీ, ఏ టైంలో అయినా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనే ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం ఇంట్లో ఒకరికి వెంటనే చెప్పండి, ఒంటరిగా ఉండొద్దు. పాజిటివ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ పత్రిక పక్కన పెట్టి ఫోన్ చెయ్యండి.

కావలి నుంచి

అక్కా నేను కరెంట్ పని చేస్తాను, ఇన్వర్టర్లు, ఏసీలు కూడా చూస్తా. పదో తరగతి తప్పాను, ఇంగ్లీష్ రాదు, నాకు మాటకారితనం లేదు. నా దగ్గర పని నేర్చుకున్నోడే ఇప్పుడు గలగలా మాట్లాడి నాకంటే ఎక్కువ పనులు పడుతున్నాడు. నెల్లూరులో మూడు రోజుల పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాస్ అంట, 12 వేలు. సూట్ వేసుకుని స్టేజీ ఎక్కిస్తారంట, నిప్పుల మీద కూడా నడిపిస్తారంట. చేరమంటావా?

వద్దు తమ్ముడూ. రోజూ 230 వోల్టుల మధ్య చెయ్యి పెట్టేవాడివి, నీకు నిప్పుల మీద నడిపించి ధైర్యం నేర్పేదేంటి.

ఆ మూడు రోజుల్లో చప్పట్లు కొట్టిస్తారు, ఏడిపిస్తారు, కౌగిలించుకోమంటారు, నాలుగో రోజు నువ్వు మళ్ళీ కావలిలో ఎవరింటి మెట్ల మీదో నిచ్చెన వేసుకుని ఉంటావు. నీ ఫీల్డ్‌లో జనానికి కావాల్సిన గుణం వేరు. మా ఇంటికి ఒక ఏసీ మెకానిక్ వస్తాడు, నోట్లోంచి మాట రాదు ఆ మనిషికి. పదకొండుకి వస్తానంటే పదకొండుకి వస్తాడు, లేటయితే పదిన్నరకే ఫోన్ చేసి మేడం పన్నెండు అవుద్ది అంటాడు. బోర్డు విప్పేముందు తన ఫోన్‌లో వైర్ల ఫోటో తీసుకుంటాడు, ఊడదీసిన స్క్రూలు తను తెచ్చుకున్న ఒక డబ్బా మూతలో వేసుకుంటాడు, కాలిపోయిన కెపాసిటర్ నా చేతిలో పెట్టి ఇదిగో ఇది ఉబ్బింది చూడండి అంటాడు, వెళ్ళేముందు గోడ కింద రాలిన సున్నం చీపురు అడిగి మరీ ఊడ్చేస్తాడు. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికి ఏసీ ఆగినా ఆ నంబరే ఇస్తాం. అతని పర్సనాలిటీ ఎంత డెవలప్ అయ్యిందో నాకు తెలీదు, ఆ చీపురు దగ్గరే మేమందరం పడిపోయాం.

మన దగ్గర రేపు అంటే ఏంటో నీకు తెలుసు కదా. పండక్కి జాకెట్ రేపిస్తా అన్న టైలరు, వడ్రంగి రేపు, ప్లంబర్ రేపు, అందరి రేపూ ఎల్లుండి దాటి అమావాస్య దాకా పోతుంది. ఇలాంటి ఊళ్ళో చెప్పిన టైముకి వచ్చేవాడు ఒక్కడుంటే వాడికి మాటలెందుకు. నీకు నిజంగా మాట తడబడేది ఎక్కడో చూసుకో, బహుశా డబ్బుల దగ్గరే అయి ఉంటుంది. మీ ఇష్టం మేడం ఎంతో కొంత ఇవ్వండి అంటున్నావా? అనకు. పని మొదలుపెట్టేముందే సామానుకి ఇంత, నా కూలి ఇంత అని చిన్న కాగితం మీద రాసి చూపించు, వాదన ఉండదు, నోరు తెరవాల్సిన అవసరం కూడా సగం తగ్గిపోతుంది.

ఆ 12 వేలకి పని చెప్తాను. మంచి క్లాంప్ మీటర్ లేకపోతే అది కొను. వైర్‌మన్ పర్మిట్ తీసుకున్నావా లేదా రాయలేదు, లేకపోతే దానికేం కావాలో కనుక్కుని అప్లై చెయ్యి, అది చేతిలో ఉంటే పెద్ద పనులు అడగొచ్చు. టెన్త్ తప్పాను అని దిగులుపడుతున్నావు కదా, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇలా పనిలోనే నేర్చుకున్నవాళ్ళకి టెస్ట్ పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది, నెల్లూరు వెళ్ళడమే అయితే ఆ సెంటర్ ఎక్కడుందో అడగడానికి వెళ్ళు. ఓపెన్ స్కూల్లో టెన్త్ కూడా కట్టొచ్చు, తొందరేం లేదు.

ఇక ఆ శిష్యుడి విషయం. వాడికి పనులు ఎక్కువ పడుతున్నాయంటే ఒక్కడే చెయ్యలేనివి కూడా పడుతుంటాయి, కొత్త ఇంటి వైరింగ్ మొత్తం ఒప్పుకుని మధ్యలో ఏసీ కాల్ వస్తే వాడేం చేస్తాడు? వాడికి నోరుంది, నీకు చెయ్యుంది, నీ పని ఎలాంటిదో వాడికి తెలిసినంతగా కావలిలో ఇంకెవరికీ తెలీదు. ఈ ఆదివారం టీకి పిలిచి, పెద్ద పనులుంటే కలిసి చేద్దాం, కూలి చెరిసగం, సామాను బిల్లు పార్టీకే చూపిద్దాం అని అడుగు. గురువుని అయ్యుండి వాణ్ణి నేనెందుకు అడగాలి అని అనిపిస్తుంది, తెలుసు. అయినా అడుగు, వాడేమన్నాడో నాకు రాయి.